ఆపి పెట్టమంటారు సరే, ఆ ఎర్ర లైటు సంగతేంటి?

"సార్, రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

ఈ మాట మీరూ వినే ఉంటారు. నెట్ పోయిందని కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి పిల్లోడు ముందు ఇదే చెప్తాడు. చెడ్డ మాటేం కాదు. కొన్నిసార్లు దాంతోనే నెట్ వస్తది కూడా. నా గొడవల్లా ఏంటంటే, ఆపి పెట్టడం దేనికి పనికొస్తదో, దేనికి పనికిరాదో మనకెవరూ చెప్పలేదు. చెప్పకపోబట్టే బయట తీగె తెగి ఏలాడుతున్నా మనం ఇంట్లో కూర్చుని స్విచ్చి నొక్కుతానే ఉంటాం. వాళ్ళు చేయాల్సిన పని మన నెత్తికెత్తి, అయ్యేదాకా చేస్తానే ఉండమంటన్నారు.

ముందే చెప్తన్నా, నేను ఇంజినీరును కాను. ఇంటర్ దగ్గర ఆగిపోయా. టీవీలు బాగుచేసే కొట్లో కూర్చుని టంకం పెట్టడం నేర్చుకున్నా. మిగతాదంతా 2020లో కరోనాకి బళ్ళు మూసి పిల్లల చదువు ఫోన్లోకి వచ్చినప్పుడు నేర్చుకున్నదే. మా వీధిలో ఎవరింట్లో పాఠం మధ్యలో ఆగినా "బాబాయ్, ఒకసారి రా" అని పిలిచేవాళ్ళు. తప్పులు చేసీ చేసీ ఒంటబట్టింది. ఆ చేసిన తప్పుల్లో పెద్దది ఈమధ్యే చేశా. అది చెప్తే మీకు సంగతి అర్థమవుద్ది.

మా చెల్లెలి కూతురు ఈఏపీసెట్ రాసింది. కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లకి ఆరోజే ఆఖరు. పిల్ల కాగితం మీద నలభై దాకా కాలేజీలు వరసగా రాసుకుని, నిదానంగా పెట్టుకుందామని సాయంత్రం కూర్చుంది. ఆరింటికి నెట్ పోయింది. పగలంతా కరెంటు వస్తా పోతా ఉండి టవర్ బ్యాటరీలు కూడా దిగిపోయినయ్యేమో, ఫోన్లో సిగ్నల్ ఒక గీత చూపిస్తా పేజీ మాత్రం తెరవనీలేదు. "మావయ్యా, ఏదో ఒకటి చెయ్" అని ఏడుపు మొహం పెట్టింది. నేను రూటర్ ఆపా, పెట్టా. మళ్ళీ ఆపా, పెట్టా. కంపెనీకి ఫోన్ చేస్తే పావుగంట పాట వినిపించి, అదే మాట చెప్పారు. రెండోసారి చేస్తే ఇంకో పిల్లోడు, "వెనకాల చిన్న బొక్క ఉంటది సార్, పిన్నీసుతో పది సెకన్లు నొక్కి పట్టుకోండి" అన్నాడు. నొక్కా. అదీ నేను చేసిన పెద్ద తప్పు. ఎందుకో కిందకొస్తే చెప్తా.

ఏడున్నరకి పిల్లని బండెక్కించుకుని గుడివాడ పోయా. నెట్ సెంటర్ వాళ్ళు షట్టర్ దించబోతంటే బతిమాలుకున్నాం. ఆ హడావిడిలో నలభైకి పద్దెనిమిది పెట్టగలిగింది. మిగిలిన ఇరవైరెండూ కాగితం మీదే ఉండిపోయినయ్.

మర్నాడు తెలిసిందేంటంటే, మా ఊరి కాలవలో గుర్రపుడెక్క తీస్తన్న పొక్లెయిన్ చెయ్యి తగిలి వంతెన దగ్గర ఫైబర్ తీగె తెగింది. అంటే ఆరింటి నుంచి నేను రూటర్‌ని ఎన్నిసార్లు ఆపి పెట్టినా పైసా ఉపయోగం లేదు. ఆ సంగతి రూటర్ నాకు ఆరింటికే చెప్పింది. దాని మొహాన ఎర్ర లైటు ఆరతా వెలగతా ఉంది. నాకే చదవడం రాలేదు.

అందుకని ముందు ఆ లైట్ల సంగతే చూద్దాం.

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో గోడకి ఉండే పెట్టె మీద వరసగా లైట్లుంటయ్. కంపెనీని బట్టి ఆ వరస మారుద్దిగానీ ముఖ్యమైనయ్ నాలుగే. పవర్ అని ఒకటి. పీ, ఓ, ఎన్ అని ఇంగ్లీషు అక్షరాలతో ఒకటి. ఎల్, ఓ, ఎస్ అని ఇంకోటి. ఇంటర్నెట్ అని మరోటి. మన ఇంటికొచ్చే ఫైబర్‌లో పారేది కరెంటు కాదు, కంటికి కనపడని వెలుతురు. ఆ వెలుతురు పెట్టెకి అందకపోతే ఎల్‌ఓఎస్ ఎర్రగా కొట్టుకుంటది. అది ఎర్రగా ఉందంటే, కంపెనీ దగ్గర్నుంచి మీ గోడదాకా ఎక్కడో వెలుతురు ఆగిపోయింది. ఎక్కడైనా తీగె తెగి ఉండొచ్చు, మడత పడి ఉండొచ్చు, జాయింటు ఊడి ఉండొచ్చు, అవతల వాళ్ళ మిషనే ఆగి ఉండొచ్చు. మీరు చూడాల్సింది ఒకటే: పెట్టె వెనకాల సన్న వైరు ఊడిందా, పిల్లలు లాగారా, మంచం కోడు కింద నలిగిందా, ఎలక కొరికిందా. అదంతా సరిగ్గానే ఉంటే ఇంక రూటర్ జోలికి పోవద్దు. ఫోన్ తీసి, "ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్తే వాళ్ళు మిమ్మల్ని ఆపి పెట్టమనడానికి సందుండదు. అయినా అంటే, ఒక్కసారి ఆపి పెట్టి, "చేశా, ఇంకా ఎర్రగానే ఉంది" అనండి.

పీఓఎన్ లైటు నిలకడగా ఆకుపచ్చగా వెలిగి, ఎల్‌ఓఎస్ ఆరిపోయి ఉంటే వెలుతురు బాగానే వస్తంది. పీఓఎన్ ఆరతా వెలగతా ఉంటే పెట్టె అవతలి మిషన్‌తో ఇంకా మాట కలపడానికి చూస్తంది. పెట్టగానే ఒక రెండు మూడు నిముషాలు అట్టా ఉండటం మామూలే. అరగంటైనా అట్టానే ఉంటే వెలుతురు బలహీనంగా వస్తన్నా అయ్యుండొచ్చు, వాళ్ళ వైపు మీ పెట్టె నమోదు పోయినా అయ్యుండొచ్చు. పీఓఎన్ బాగుండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే వెలగకపోతే తీగెకి ఏమీ కాలేదు, మీ యూజర్ నేమ్ దగ్గరో, నెల డబ్బు దగ్గరో పేచీ ఉంది. ప్లాన్ అయిపోయిందేమో ముందు చూసుకోండి. నా దగ్గరకొచ్చిన వాళ్ళలో చాలామందిది ఇదే, చెప్పుకోడానికి సిగ్గుపడతారంతే.

ఇప్పుడు ఆపి పెట్టడం దగ్గరకొద్దాం. అది ఎందుకు పనిచేస్తదో తెలిస్తే ఎప్పుడు పనిచేయదో దానంతటదే తెలుస్తది.

రూటరంటే చిన్న కంప్యూటరే. రాత్రీ పగలూ ఆగకుండా నడుస్తది. ఇంట్లో అయిదు ఫోన్లూ ఒక టీవీ ఉన్నాయనుకోండి. బయట ప్రపంచానికి కనపడేది మాత్రం ఒక్క రూటరే. ఏ ఫోను ఏమడిగిందో, వచ్చిన జవాబు ఎవరికివ్వాలో అది ఒక పద్దు రాసుకుంటది. మన ఫోన్లో జ్ఞాపకం జీబీల్లో ఉంటే, చవక రూటర్లో ఎంబీల్లోనే ఉంటది. వారాల తరబడి నడిస్తే ఆ పద్దు నిండిపోద్ది, లోపల ఏదో ఒక పని ముడిపడి ఆగిపోద్ది, ఎండాకాలం వేడికి ఇంకా మొండికేస్తది. ఆపి పెడితే పద్దంతా చెరిగిపోయి కొత్త పేజీతో మొదలెడతది. కంపెనీ దగ్గర కొత్తగా లాగిన్ అవుద్ది. కొన్ని రకాలైతే పక్కిళ్ళ వైఫై తక్కువున్న దారి ఎతుక్కుంటయ్ కూడా. అందుకే లైట్లన్నీ సక్రమంగా ఉండి కూడా నెట్ నత్తలా నడిచినప్పుడు, ఒక ఫోన్లో వచ్చి ఇంకో ఫోన్లో రానప్పుడు, ఆపి పెట్టడం నిజంగానే మందు.

దానికీ పద్ధతుంది. టప్పున ఆపి టప్పున పెట్టొద్దు. స్విచ్చి ఆపాక అర నిముషం, కుదిరితే నిముషం ఆగండి. లోపల కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోవాలి, అవతల కంపెనీ మిషన్‌లో మీ పాత లాగిన్ కూడా పోవాలి. పెట్టాక అయిదు నిముషాలు దాని మానాన దాన్ని వదిలేయండి. లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తయ్. మధ్యలో కంగారుపడి మళ్ళీ ఆపితే మొదటికొస్తది. ఒకసారి చేయండి, మరీ అనుమానమైతే రెండోసారి. మూడోసారి చేశారంటే మీరు నాలాగే చేస్తన్నట్టు.

ఇక ఆ పిన్నీసు బొక్క. దాన్ని రీసెట్ అంటారు. ఆపి పెట్టడానికీ దీనికీ, నిద్రపోయి లేవడానికీ తల మీద దెబ్బ తగిలి పేరు మర్చిపోవడానికీ ఉన్నంత తేడా ఉంది. రీసెట్ నొక్కితే మీ వైఫై పేరు, పాస్‌వర్డే కాదు, కంపెనీ పెట్టిన యూజర్ నేమ్, లోపలి సెట్టింగులన్నీ చెరిగిపోతయ్. కొన్ని కంపెనీల పెట్టెలు దూరం నుంచి మళ్ళీ అయ్యే నింపుకుంటయ్, కొన్నిటికి మనిషి వచ్చి చేతితో ఎక్కించాలి. మా ఇంట్లో అదే జరిగింది. తెగిన తీగె మర్నాడు సాయంత్రానికి అతికించారు. ఎర్ర లైటు పోయింది, పచ్చ లైటొచ్చింది, వీధిలో అందరికీ నెట్ వచ్చింది, మాకు మాత్రం రాలేదు. ఆ సెట్టింగులు ఎక్కించే మనిషి రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ఒక పిన్నీసు గుచ్చుడికి నాలుగు రోజులు. ఫోన్లో ఎవరు చెప్పినా సరే, యూజర్ నేమూ పాస్‌వర్డూ మీ దగ్గర రాసిపెట్టుకోకుండా ఆ బొక్క జోలికి పోవద్దు.

ఆ ఫోన్లో మాట్లాడిన పిల్లోడి మీద నాకు కోపం లేదు. ఎదురుగా స్క్రీన్ మీద ఏది రాసుంటే అది చదువుతాడు, రోజుకిన్ని ఫోన్లని లెక్కుంటది. రాసిచ్చినోళ్ళ మీదే నా కోపం.

అసలు మన తీగెలు ఇన్నిసార్లు ఎందుకు తెగుతన్నయ్? దీనికి కొంచెం వెనక్కి పోవాలి. మన రాష్ట్రంలో ఊరూరికీ ఫైబర్ అన్న మాట పెద్దగా వినపడింది ఏపీ ఫైబర్‌నెట్‌తోనే. 2015లో కంపెనీ పెట్టారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడి వచ్చి ప్రారంభించారు. నెలకి 149 రూపాయలకే నెట్, టీవీ, ఫోను అన్నారు. భూమి తవ్వి తీగె వేస్తే ఏళ్ళు పడతది, వేల కోట్లవుద్ది కాబట్టి కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24 వేల కిలోమీటర్లు లాగారు. ఆలోచన తెలివైందే, కాదనను. లేకపోతే మన ఊళ్ళకి ఇంకో పదేళ్ళకి వచ్చేదేమో. తర్వాత ఇంటింటికీ తీగె ఇచ్చింది ఊళ్ళో కేబుల్ ఆపరేటర్లు. ప్రైవేటు కంపెనీలు కూడా ఊళ్ళలోకి వచ్చినయ్, అయ్యీ చాలాచోట్ల స్తంభాల మీదుగానే వస్తయ్.

స్తంభం మీద తీగె అంటే గాలికీ వానకీ లారీకీ అందేంత ఎత్తులో ఉన్నట్టు. మన డెల్టాలో రోడ్లు కాలవ గట్లు. గట్టున ఒకవైపు స్తంభాలు, చెట్లు. కోతలైపోతే మనిషెత్తుకి రెండింతలు ఎండుగడ్డి వేసుకుని లారీలు పోతయ్, ఉయ్యూరు వైపు చెరుకు ట్రాక్టర్లు పోతయ్. సంక్రాంతికి గాలిపటాల దారాలు. కరెంటోళ్ళు లైన్ల కింద కొమ్మలు కొట్టేటప్పుడు కొమ్మతో పాటు తీగె కూడా కింద పడతది. బందరు, నాగాయలంక వైపైతే తుపాను కబురొచ్చిందంటే ముందే చెప్పొచ్చు, ఇంక నెట్ లేదని. కరెంటు తీగె తెగితే మళ్ళీ మెలేసి కట్టేయొచ్చు. దీన్నట్టా కట్టలేం. లోపల వెలుతురు పారే గాజు దారి అడ్డకోత తొమ్మిది మైక్రాన్లు, తలవెంట్రుక కంటే చాలా సన్నం. రెండు కొసలూ కచ్చితంగా ఎదురెదురు పెట్టి, మిషన్‌తో కరిగించి అతికించాలి. ఆ మిషను అందరి దగ్గరా ఉండదు. మా వైపు ఒక మిషన్ పట్టుకుని ఒక కుర్రాడు ఎన్ని ఊళ్ళు తిరుగుతాడో నాకు తెలుసు. కరెంటు తీగెల పక్కనే నిచ్చెనేసి ఎక్కుతాడు, నడుముకి బెల్టు లేదు, తలకి టోపీ లేదు. పడితే ఎవరు చూస్తారంటే నవ్వుతాడు. ఆలస్యమైందని అతని మీద కేకలేసేవాళ్ళు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

ఆ కుర్రాడే నాకు మీటర్ చూపించి చెప్పాడు. చేతిలో చిన్న యంత్రం ఉంటది, దానికి మన తీగె కొస పెడితే మైనస్ అంకె చూపిస్తది. మైనస్ 20 దగ్గర ఉంటే వెలుతురు దిట్టంగా ఉన్నట్టు. మైనస్ 27 దాటి కిందకి పోతే మామూలు పెట్టెకి అందదు. మూడంకెలు తగ్గితే వెలుతురు సగం అయిపోయినట్టే లెక్క. అందుకే తీగెని చేతి గాజంత చిన్న చుట్టగా చుట్టి మేకుకి తగిలిస్తే, తెగకపోయినా నెట్ వస్తా పోతా ఉంటది, వెలుతురు వంపులో బయటికి జారిపోద్ది. మనిషి వచ్చినప్పుడు ఆ అంకె అడిగి రాసిపెట్టుకోండి. రేపు మళ్ళీ తేడా వస్తే పోల్చుకోవచ్చు. ఇంకో మాట, పిల్లలకి కూడా చెప్పండి: ఊడిన ఫైబర్ కొసలో కన్ను పెట్టి చూడొద్దు. వెలుతురు కనపడదు గానీ కంటికి దెబ్బే.

ఇప్పుడు లైట్లన్నీ పచ్చగా ఉండి, పొద్దున బ్రహ్మాండంగా వచ్చి, రాత్రి తొమ్మిదింటికి వీడియో తిరగతా కూర్చునే జబ్బు గురించి. ఇది మన డెల్టా వాళ్ళకి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవకి నీళ్ళు వదుల్తారు. పైనున్న పామర్రులో తూము నిండా పారినా, కింద బంటుమిల్లి, కృత్తివెన్ను శివారు భూములకి వచ్చేసరికి తడి కూడా తగలదు. శివారు రైతు తన బోదె ఎంత శుభ్రంగా తవ్వుకుంటే మాత్రం ఏం లాభం, పైన వదిలిందే తక్కువైతే?

నెట్ కూడా అంతే, కాకపోతే ఎక్కడ తక్కువవుద్దో లెక్క చూడాలి. మన ఇళ్ళకి వచ్చే రకాన్ని జీపాన్ అంటారు. కంపెనీ దగ్గర్నుంచి ఒక తీగె బయల్దేరి, దారిలో ఒక చిన్న డబ్బా దగ్గర 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో చీలుద్ది. ఆ ఒక్క తీగె మోసేది సెకనుకి 2,488 ఎంబీ బిట్లు. 32 ఇళ్ళూ ఒక్క క్షణంలో లాగినా ఇంటికి 77 ఎంబీపీఎస్ వస్తది. మీది 40 ప్లాన్. మరి రాత్రి 4 ఎందుకొస్తంది? చీలిన చోట కాదు, ఆ పైన. మీ ఆపరేటరు మొత్తం ఊరికీ కలిపి పైనుంచి కొనుక్కున్న నెట్టే తక్కువ. రెండు వందల ఇళ్ళకి 40 చొప్పున అమ్మి, అందరూ ఒకేసారి వాడరులే అన్న ధైర్యంతో అందులో చిన్న వంతే కొంటారు. ప్రపంచమంతా కొంతవరకు ఇట్టానే చేస్తారు, అది నేరం కాదు. మరీ పిసినారితనం చేస్తేనే మన వీడియో తిరగతా కూర్చుంటది.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. వైఫై మీద కాదు, వైరుతో ల్యాప్‌టాప్‌కి కలిపి పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడు చూడండి. వారం రోజులు. పొద్దున 38, రాత్రి 4 వస్తంటే మీ రూటర్ నిర్దోషి. వారం మొత్తం పొద్దునా రాత్రీ ఒకేలా తక్కువొస్తంటే మీ నెలవారీ డేటా దాటిందేమో చూడండి, దాటాక స్పీడు తగ్గిస్తారు. ఇంకోటి, చాలామంది పొరపాటు పడేది: 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సినిమా సెకనుకి 40 ఎంబీ చొప్పున దిగదు, 5 ఎంబీ చొప్పున దిగుద్ది. వాళ్ళు బిట్లలో అమ్ముతారు, మన ఫోను బైట్లలో చూపిస్తది, ఎనిమిదింతల తేడా. అందులో మోసం లేదు. మనదేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోడానికి ఉండాల్సిన కనీస స్పీడు మాత్రం 2 ఎంబీపీఎస్, అదీ 2023 జనవరి నుంచే. అంతకుముందు అర ఎంబీ ఉన్నా బ్రాడ్‌బ్యాండే.

ఇంట్లో తప్పులు కూడా ఉంటయ్, కంపెనీల్నే తిడితే న్యాయం కాదు. రూటర్ తీసుకెళ్ళి ఇనప బీరువా వెనకాల పెడతారు. అలంకారం చెడిపోద్దని టీవీ స్టాండు కింద దాస్తారు. వైఫైకి ఇనుమంటే గోడ, నిలువుటద్దం అన్నా, నీళ్ళ డ్రమ్మన్నా అంతే. నడిమింట్లో తలకంటే ఎత్తున పెట్టండి, గాలి తగలనివ్వండి. రూటర్ రెండు పేర్లతో వైఫై ఇస్తంటే, 5 అని ఉన్నది వేగం ఎక్కువ, గోడ దాటే బలం తక్కువ. 2.4 అన్నది దూరం పోద్ది గానీ విజయవాడ అపార్ట్‌మెంట్లలో ఇరవై ఇళ్ళది ఒకే దారి మీద కొట్టుకుంటంటది. ఫోన్లో వైఫై గుర్తుంది, నెట్ లేదు అన్నప్పుడు బ్రౌజర్లో 192.168.1.1 కొట్టి చూడండి. చాలా పెట్టెలకి అదే నంబరు, లేకపోతే పెట్టె కింద కాగితం మీద రాసి ఉంటది. రూటర్ పేజీ తెరుచుకుంటే ఇంట్లో వైఫై బాగుంది, గొడవ బయట. వాట్సాప్ పోతంది గానీ వెబ్‌సైట్లు తెరుచుకోవట్లేదంటే చాలాసార్లు అది పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ జబ్బు, సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెడితే కుదురుద్ది.

కరెంటు గురించి ఒక్క మాట. దానంతటదే ఆగి, దానంతటదే పెట్టుకునే రూటర్లలో నేను చూసినంతలో ఎక్కువ వాటికి జబ్బు అడాప్టర్దే. పెట్టె మీద 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే అడాప్టర్ మీద కూడా 12 వోల్టులే ఉండాలి, ఆంపియర్ తక్కువ కాకూడదు. సెట్‌టాప్ బాక్సుది దూరింది కదా అని పెట్టొద్దు. ఉరుములప్పుడు ప్లగ్గు తీసేయండి, ఫైబర్‌లో పిడుగు రాదుగానీ కరెంటు తీగెలో వస్తది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, నీళ్ళు తీశాక రూటర్లని తుడిచి తొందరపడి ప్లగ్గు పెట్టిన ఇళ్ళు చూశా. పెట్టెకి లోపల తడారే దాకా ఆగాలి, అడాప్టర్ మునిగితే మాత్రం పారేయాలి, అందులో నేరుగా ఇంటి కరెంటు ఉంటది.

ఇదంతా అయ్యాక కూడా తప్పు అవతలిదే అని తేలితే ఏం చేయాలి? మనోళ్ళు చేసేది, ఆపరేటరుకి ఫోన్ చేసి, ఎత్తకపోతే తిట్టుకుని, వాట్సాప్ స్టేటస్ పెట్టి ఊరుకోవడం. అతని ఫోన్లో మీ పిలుపు ఉంటది, కంపెనీ లెక్కలో మీ ఫిర్యాదు ఉండదు. కంపెనీ నంబరుకే చేయాలి, లేకపోతే వాళ్ళ యాప్‌లో పెట్టాలి. పెట్టగానే ఫిర్యాదు నంబరు ఇవ్వాలి. దాన్ని డాకెట్ నంబరంటారు, ఇవ్వకపోతే అడగాలి, అది మన హక్కు. ట్రాయ్ కొత్త నాణ్యత నియమాలు 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చినయ్. వాటి ప్రకారం ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో తప్పుని మూడు రోజుల్లో సరిచేయకపోతే కంపెనీ మనకి పరిహారం కట్టాలి, ముందే డబ్బు కట్టే ప్లాన్లకైనా సరే. ఆ మూడు రోజులు ఎప్పట్నుంచి లెక్కంటే, ఫిర్యాదు నమోదైన దగ్గర్నుంచి. నమోదే లేకపోతే లెక్కే మొదలవదు. కంపెనీ జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు వినే అధికారి ఉండాలి, అతనికి రాయొచ్చు. ట్రాయ్ ఒక్కొక్కరి ఫిర్యాదులు తీసుకోదు, అక్కడ టైము పోగొట్టుకోవద్దు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులో మాట్లాడొచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు రూటర్ పక్కన మేకుకి ఒక చిన్న నోటు పుస్తకం ఏలాడదీశా. తేదీ, టైము, ఏ లైటు ఏ రంగు, ఎవరితో మాట్లాడా, డాకెట్ నంబరు, ఎప్పుడొచ్చింది. మొదటి పేజీలో యూజర్ నేమూ పాస్‌వర్డూ. నెట్ పోగానే ముందు పక్కింటికి కేకేస్తాం, "మీదీ ఎర్రగా ఉందా?" అని. అందరిదీ ఎర్రగా ఉంటే తీగె, మనదొక్కటే అయితే మన గుమ్మం దగ్గర్నుంచి స్తంభం దాకా చూడాలి. నాలుగిళ్ళూ విడివిడిగా నాలుగు ఫిర్యాదులు పెడతాం, ఒకటి పెట్టి ఊరుకోం.

ఆ పిన్నీసు పుణ్యాన పోయిన అయిదు రోజులకీ నేను డాకెట్ నంబర్లు, తేదీలు రాసి అప్పీలు పెట్టా. రెండు వారాలకి మా ప్లాన్ గడువు అయిదు రోజులు పెంచినట్టు మెసేజ్ వచ్చింది. పిల్లకి వచ్చిన సీటు ఆ పద్దెనిమిదిలో పదహారోది. రోజూ బస్సులో రానూపోనూ మూడు గంటలు. మొన్న ఆదివారం తనే నా నోటు పుస్తకం తీసి, కొత్త పేజీలో గీతలు కొట్టి, "మావయ్యా, లైటు రంగుకి వేరే గడి పెట్టా" అని చూపించింది.